బైబిల్ పండితులు దేని గురించి వాదించుకుంటారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్త నిబంధన బోధించడం నా వృత్తి. క్లాసులో ఏదైనా వివాదం ఎత్తగానే కొందరికి టెన్షన్ మొదలవుతుంది, విశ్వాసం ఎక్కడ కదిలిపోతుందోనని. ఇంకొందరికి సంబరం, బైబిల్ గుట్టేదో బయటపడుతుందని. పండితులు ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం లేదంటే అసలు ఎవరికీ ఏమీ తెలియదన్నమాటే అని ఇద్దరూ అనుకుంటారు. నిజానికి ఈ వాదాల్లో ఎక్కువ భాగం అందరి ముందూ ఉన్న ఆధారాల మీదే నడుస్తాయి. ఏ ఆధారానికి ఎంత బరువివ్వాలన్న దగ్గరే పేచీ. తరచూ వినిపించే కొన్ని మాటలు చూద్దాం.

అపోహ: ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా మహాసభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ తేల్చేశాడు.

325లో జరిగిన ఆ సభ విశ్వాస ప్రమాణం, 20 నియమాలు మనకు దొరుకుతున్నాయి. వాటిలో పుస్తకాల జాబితా లేదు. కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టింపబడినవాడా అన్న అరియస్ వివాదం కోసం ఆ సభ కూడింది. ఈస్టర్ తేదీ కూడా మాట్లాడుకున్నారు. ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితాకు సాధారణంగా చూపించే తొలి సాక్ష్యం 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ పంపిన పండుగ లేఖ. నాలుగు సువార్తలు, అపొస్తలుడు పౌలు ముఖ్య పత్రికలు (అంటే లేఖలు) అంతకు చాలా ముందే సంఘాల్లో స్థిరపడ్డాయి. తర్జనభర్జన అంతా ప్రకటన, హెబ్రీ, రెండో పేతురు లాంటి అంచు పుస్తకాల మీదే.

అపోహ: ప్రతుల్లో లక్షల తేడాలున్నాయి కాబట్టి అసలు పాఠం పోయినట్టే. (దీని కవల: ఒక పొల్లు కూడా మారలేదు.)

రెండూ తప్పే. గ్రీకు కొత్త నిబంధన చేతిరాత ప్రతులు 5,000 పైచిలుకు ఉన్నాయి. ప్రతులు ఎక్కువైతే తేడాలూ ఎక్కువే కనబడతాయి. వాటిలో అత్యధికం స్పెల్లింగు, పదాల వరుస లాంటివి, అర్థాన్ని కదపనివి. అయితే పెద్దవి కొన్ని ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం మంచి పని కాదు. మార్కు 16:9-20 నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 7:53-8:11) కూడా ఆ రెండిట్లో కనబడదు. తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని పరలోక సాక్షులను చెప్పే 1 యోహాను 5:7లోని మాటలు ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధన 1516, 1519 ముద్రణల్లో లేవు, 1522 ముద్రణలో చేరాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతం వాటి మీద నిలబడిందని భయపడక్కర్లేదు. నాలుగో శతాబ్దపు గ్రీకు వేదాంతులు ఆ వాక్యం ఎత్తకుండానే త్రిత్వాన్ని సమర్థించారు. ఇంకా తేలనిది వేరు: మార్కు 16:8 దగ్గరే ఆపాడా, లేక చివరి పుట పోయిందా?

పాత నిబంధనలో విషయం మరింత ఆసక్తిగా ఉంటుంది. ప్రాచీన గ్రీకు అనువాదంలోని యిర్మీయా గ్రంథం హెబ్రీ యిర్మీయా కంటే సుమారు ఎనిమిదో వంతు చిన్నది. గ్రీకు అనువాదకులే కత్తిరించారని చాలామంది అనుకునేవారు. తీరా మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో ఆ పొట్టి రూపానికి దగ్గరగా ఉన్న హెబ్రీ ముక్కలు దొరికాయి.

అపోహ: ఆదికాండము దినాలను అక్షరాలా తీసుకోకపోవడం డార్విన్ భయంతో పుట్టిన ఆధునిక సర్దుబాటు.

సూర్యుడే లేని మొదటి మూడు దినాలకు ఉదయం, అస్తమయం ఎలా వచ్చాయని క్రైస్తవ వేదాంతి ఓరిగెన్ మూడో శతాబ్దంలోనే అడిగాడు. దేవుడు అన్నిటినీ ఒకేసారి సృష్టించాడని, అవి మన మామూలు దినాలు కావని అగస్టీన్ అన్నాడు. ఒప్పుకోని వాళ్ళూ అప్పుడే ఉన్నారు.

అపోహ: పౌలు విషయంలో వాదించేదేముంది? యూదులు మంచి పనులతో రక్షణ సంపాదించుకోవాలనుకున్నారు, పౌలు విశ్వాసం చాలన్నాడు.

ఈ రంగంలో గత యాభై ఏళ్ళలో అన్నిటికంటే వేడిగా నడిచిన చర్చ ఇదే అంటాను. ఆనాటి యూదు రచనలను, కుమ్రాన్ చుట్టలతో, రబ్బీల గ్రంథాలతో సహా, వరుసగా చదివిన ఇ. పి. శాండర్స్ 1977లో ఒక మాట అన్నాడు. ఇశ్రాయేలును దేవుడు కృపతోనే ఎన్నుకున్నాడని ఆ రచనలు చెబుతున్నాయి. ధర్మశాస్త్రం పాటించేది దేవుడు వాళ్ళతో చేసుకున్న ఒడంబడికలో నిలిచి ఉండటానికి, అందులోకి ప్రవేశం సంపాదించడానికి కాదు. అంటే ప్రసంగాల్లో వినే 'పుణ్యం లెక్కపెట్టుకునే యూదుడు' చాలామటుకు 16వ శతాబ్దపు కాథలిక్-ప్రొటెస్టంట్ తగాదాల నీడ.

మరి పౌలు ఖండించింది దేన్ని? ప్రధానంగా సున్నతి, ఆహార నియమాలు, విశ్రాంతి దినం లాంటి, యూదుణ్ణీ అన్యజనుణ్ణీ వేరుచేసే గుర్తులనే అని జేమ్స్ డన్ జవాబిచ్చాడు. ఎన్. టి. రైట్ దాన్ని తనదైన దారిలో విస్తరించాడు. గలతీ 2లో చూస్తే ఇది చక్కగా కుదురుతుంది, అంతియొకయలో పౌలుకు పేతురుతో గొడవ వచ్చింది అన్యజనులతో కలిసి తినే భోజనం దగ్గరే కదా. రోమా 4:4-5కి వచ్చేసరికి ఇరుకున పడుతుంది. అక్కడున్నది పనిచేసేవాడి జీతం, భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా ఎంచే దేవుడు. సున్నతి మాట తర్వాతే వస్తుంది. కృప గురించి ఆనాటి యూదుల్లో చాలామంది మాట్లాడారు గానీ ఒకేలా మాట్లాడలేదని, అర్హత చూడకుండా ఇచ్చే వరమన్నదే పౌలు నొక్కిచెప్పిన కోణమని జాన్ బార్క్లే 2015లో వాదించాడు. నా మటుకు నాకు శాండర్స్ సవరణ ఇక వెనక్కి పోదు, డన్ జవాబు సగమే సరిపోతుంది. నాతో పనిచేసేవాళ్ళలో దీన్ని ఒప్పుకోనివాళ్ళున్నారు, వాళ్ళ కారణాలూ గట్టివే.

ఈ ప్రశ్న చదువుల గదుల్లోనే ఉండిపోలేదు. నీతిమంతులుగా తీర్చబడటం గురించి లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి.

అపోహ: ఇలా తవ్వి చూసేవాళ్ళంతా అవిశ్వాసులు.

రైట్ ఆంగ్లికన్ బిషప్‌గా పనిచేశాడు. యోహాను సువార్తపై పెద్ద వ్యాఖ్యానం రాసిన రేమండ్ బ్రౌన్ కాథలిక్ గురువు. మూల భాషలు, సాహిత్య ప్రక్రియలు పరిశీలించి చదవమని పోప్ పన్నెండో పయస్ 1943లోనే ప్రోత్సహించాడు. ఇటు, తాను విశ్వాసిని కానని బాహాటంగా చెప్పే కొత్త నిబంధన పండితుడు బార్ట్ ఎర్మన్, యేసు అనే మనిషే లేడన్న వాదాన్ని ఖండిస్తూ 2012లో ఒక పుస్తకమే రాశాడు.

అపోహ: పౌలు పేరున్న 13 పత్రికల్లో ఏది ఆయనది అన్నది పూర్తిగా గందరగోళం.

రోమా, రెండు కొరింథీ, గలతీ, ఫిలిప్పీ, మొదటి థెస్సలొనీక, ఫిలేమోను: ఈ ఏడింటి మీద దాదాపు గొడవే లేదు. తిమోతి, తీతు పత్రికలను ఎక్కువమంది పండితులు అనుమానిస్తారు. కొలొస్సయి, రెండో థెస్సలొనీక దగ్గర పండితులు నిజంగానే రెండుగా చీలిపోతారు. వాదించాలనుకునే విద్యార్థులకు నేను ముందుగా చేతిలో పెట్టేది ఆ రెండే.