గ్లాస్గో అద్దె ఇళ్లు, వీట్లీ వేసిన వడ్డీ లెక్క

2023 నవంబరులో గ్లాస్గో నగర కౌన్సిల్ తమ నగరంలో గృహవసతి అత్యవసర పరిస్థితికి చేరిందని ప్రకటించింది. ఆరు నెలలు తిరగకుండానే, 2024 మేలో, స్కాట్లాండ్ ప్రభుత్వం దేశం మొత్తానికీ అదే మాట ఒప్పుకోవలసి వచ్చింది. అద్దెలకు పగ్గం వేయాలా, లేక ప్రభుత్వమే ఇళ్లు కట్టాలా అన్న వాదన అప్పటినుంచి మళ్లీ జోరందుకుంది. ఈ వాదన ఆ నగరానికి కొత్తది కాదు. దాని మొదలు వెతుక్కుంటూ వెళ్తే నూరేళ్లకు పూర్వం ఒక వార్డు కౌన్సిలర్ దగ్గర ఆగుతాం. ఆయన పేరు జాన్ వీట్లీ.

వీట్లీ పుట్టింది స్కాట్లాండ్‌లో కాదు. 1869లో ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్ కౌంటీలో. పసితనంలోనే కుటుంబం బతుకుతెరువుకు గ్లాస్గో తూర్పున ఉన్న లానార్క్‌షైర్ బొగ్గు గనుల ప్రాంతానికి వలస వచ్చింది. తల్లిదండ్రులు, పిల్లలు, పైగా చేతిఖర్చులకోసం చేర్చుకున్న అద్దెమనుషులు అందరూ ఒకే గదిలో ఉండేవారు. నీటికుళాయి లేదు, మురుగు పోయే దారి లేదు. ఊహ తెలిసీ తెలియని వయసులో గనిలోకి దిగిన ఆ కుర్రవాడు ఇరవయ్యేళ్లు దాటినదాకా అక్కడే పనిచేశాడు. ఆ తర్వాత కిరాణా వ్యాపారం చేసి, కాథలిక్ పత్రికలో ఉద్యోగం చేసి, చివరకు సొంత ముద్రణ సంస్థ పెట్టుకుని నిలదొక్కుకున్నారు.

ఆయన రాజకీయానికి తొలి పరీక్ష సొంత మతస్థుల నుంచే ఎదురైంది. భక్తిగల కాథలిక్కు అయి ఉండీ 1906లో కాథలిక్ సోషలిస్టు సంఘాన్ని స్థాపించడం మతగురువులకు మింగుడుపడలేదు. 1912లో ఒక గుంపు షెటిల్‌స్టన్‌లోని ఆయన ఇంటి ముందుకు వచ్చి దిష్టిబొమ్మను తగలబెడితే, ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నారని చెబుతారు. ఆ ఆదివారం ఎప్పటిలాగే చర్చికి వెళ్లారట. అప్పటికే ఆయన లానార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌లో సభ్యులు. అదే ఏడాది షెటిల్‌స్టన్ గ్లాస్గో నగరంలో విలీనం కావడంతో నగర కౌన్సిలర్ అయ్యారు.

అప్పటి గ్లాస్గోలో సగానికి పైగా జనం ఒకటి రెండు గదుల ఇళ్లలోనే తలదాచుకునేవారు. నాలుగంతస్తుల రాతి భవనాలు; గోడలోకి గూడులా కట్టిన మంచాలు; మెట్ల మలుపులో నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక మరుగుదొడ్డి. ఈ దుస్థితిపై కన్నీళ్లు పెట్టుకునే ఉపన్యాసాలకు కొదవ లేదు. వీట్లీ ప్రత్యేకత ఏమిటంటే ఆయన లెక్కల పుస్తకం తీశారు. 1913లో ప్రచురించిన చిన్న పుస్తకంలో, గ్లాస్గో పౌరులకు ఏడాదికి 8 పౌండ్ల అద్దెకు, అంటే వారానికి సుమారు 3 షిల్లింగులకు (పౌండుకు 20 షిల్లింగులు), విడివిడి కుటీరాలు కట్టి ఇవ్వవచ్చని ప్రతిపాదించారు. ట్రాము సర్వీసులను 1894 నుంచి నగరపాలక సంస్థే నడుపుతోంది, అవి లాభాల్లో ఉన్నాయి. ఆ మిగులు సొమ్మును వడ్డీ లేకుండా గృహనిర్మాణానికి అప్పివ్వాలన్నది ఆయన పథకం. అద్దెగా పేదవాడు చెల్లించే సొమ్ములో పెద్ద వాటా ఇటుకకూ సున్నానికీ కాక, పెట్టుబడి మీద వడ్డీకే పోతోందన్న గ్రహింపు దానికి పునాది. కౌన్సిల్ దానిని ఆమోదించలేదు. అయినా ఆయన తర్వాతి జీవితమంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

యుద్ధం వచ్చాక మందుగుండు కర్మాగారాలకూ నౌకానిర్మాణ కేంద్రాలకూ కార్మికులు పోటెత్తడంతో ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. గ్లాస్గోలోని గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ వంటి గృహిణులు ముందుండి నడిపిన అద్దె సమ్మెలో, 1915 నవంబరు నాటికి సుమారు 20 వేల కుటుంబాలు పెంపు చెల్లించడానికి నిరాకరించాయి. అదే నెల 17న, అద్దె బాకీ పడ్డ 18 మందిపై కోర్టులో విచారణ జరగవలసిన రోజున, వేలమంది వీధుల్లోకి వచ్చారు. వీట్లీ ఆ ఉద్యమానికి సలహాదారు, ప్రచారకర్త. నాయకత్వం మాత్రం ఆ స్త్రీలదే. ఏడాది ముగిసేలోగా అద్దెలను 1914 ఆగస్టు స్థాయి వద్ద నిలిపివేసే చట్టం వచ్చింది. అద్దెలు ఆగాయి గాని ఇళ్లు పెరగలేదు. లాభం తగ్గిన ప్రైవేటు నిర్మాణదారులు పేదల ఇళ్ల వైపు మళ్లీ చూడడం మానేశారు.

1922 ఎన్నికల్లో గ్లాస్గోలోని 15 స్థానాల్లో 10 లేబర్ పార్టీ గెలుచుకుంది. షెటిల్‌స్టన్ నుంచి వీట్లీ బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో, స్కాట్లాండ్‌లో శిశుసంక్షేమ నిధుల కోతపై చర్చ సందర్భంగా తోటి లేబర్ సభ్యుడు జేమ్స్ మాక్స్‌టన్ ప్రత్యర్థులను హంతకులని నిందించగా, వీట్లీ ఆయన పక్షం వహించారు. మరో ఇద్దరితో పాటు ఇద్దరూ సస్పెండ్ అయ్యారు. ఇటువంటి మనిషిని 1924 జనవరిలో రామ్సే మెక్‌డొనాల్డ్ తొలి లేబర్ మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రిగా తీసుకున్నారు. గృహనిర్మాణం అప్పట్లో ఆ శాఖ కిందిదే.

మంత్రిగా మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. నిరుద్యోగం వల్ల అద్దె కట్టలేనివారిని ఇల్లు ఖాళీ చేయించరాదన్న బిల్లు, భారమంతా ఇంటి యజమానుల మీదే పడుతుందన్న అభ్యంతరంతో సభలో వీగిపోయింది. రెండోది మాత్రం నిలిచింది. ముందుగా నిర్మాణ సంస్థల యజమానులనూ కార్మిక సంఘాలనూ కూర్చోబెట్టి, 15 ఏళ్లలో 25 లక్షల ఇళ్లకు పని ఉంటుందని భరోసా ఇచ్చి, అప్రెంటిస్‌షిప్ నిబంధనలను సడలింపజేశారు. తాపీపని, వడ్రంగం నేర్చిన చేతులు లేకుండా డబ్బు ఎంత పోసినా ధరలే పెరుగుతాయని ఆయనకు తెలుసు.

1924 చట్టంలోని అంకెలు చూడండి. అంతకుముందు ఏడాది కన్సర్వేటివ్ ఆరోగ్య మంత్రి నెవిల్ చాంబర్లేన్ తెచ్చిన చట్టం ఇంటికి ఏటా 6 పౌండ్ల చొప్పున 20 ఏళ్లు, మొత్తం 120 పౌండ్ల రాయితీ ఇచ్చింది. వీట్లీ దానిని ఏటా 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్లకు, అంటే 360 పౌండ్లకు పెంచారు. గ్రామీణ ప్రాంతాల్లో ఏటా 12 పౌండ్ల 10 షిల్లింగులు. స్థానిక సంస్థ తన పన్నుల రాబడి నుంచి మరో 4 పౌండ్ల 10 షిల్లింగుల వరకు కలపవచ్చు. ఇందుకు ప్రతిగా అద్దెలకు పరిమితి పాటించాలి. వడ్డీ లేని అప్పు దొరకకపోతే, వడ్డీ భారాన్నైనా ఖజానాతో మోయించాలన్నది ఇందులోని కిటుకు. 1913 నాటి కుటీరాల లెక్కే వేరే వేషంలో వచ్చిందనవచ్చు.

ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం పడిపోయింది. తిరిగి ఆరోగ్య మంత్రి అయిన చాంబర్లేన్ రాయితీకి తర్వాత కోతపెట్టినా చట్టాన్ని మాత్రం రద్దు చేయలేదు. 1933లో రాయితీ ఆగిపోయేనాటికి దాని కింద సుమారు 5 లక్షల ఇళ్లు లేచాయి. అయితే ఆ అద్దెలు నికరాదాయం ఉన్న కార్మికుడికి అందాయి గాని, మురికివాడల్లోని కూలివాడికి అందలేదన్న విమర్శలో నిజం ఉంది. మెక్‌డొనాల్డ్‌తో విభేదించిన వీట్లీకి 1929 ప్రభుత్వంలో చోటు దక్కలేదు. 1930 మేలో షెటిల్‌స్టన్‌లోనే కన్నుమూశారు.

కౌన్సిల్ ఇళ్ల కథ ఆ తర్వాత అడ్డం తిరిగింది. 1980 చట్టంతో అద్దెదారులు తాము ఉంటున్న ఇళ్లను రాయితీ ధరకు కొనుక్కునే హక్కు పొందారు; స్కాట్లాండ్‌లో ఆ హక్కు 2016 ఆగస్టు దాకా కొనసాగింది. మరోవైపు 2003లో గ్లాస్గో కౌన్సిల్ మిగిలిన సుమారు 80 వేల ఇళ్లను ఒక గృహ సంఘానికి అప్పగించి ఇంటి యజమాని పాత్ర నుంచి తప్పుకుంది. 2025లో స్కాట్లాండ్ పార్లమెంటు ఆమోదించిన చట్టం అద్దె నియంత్రణ ప్రాంతాలను ప్రకటించే వీలు కల్పించింది. నగరపాలక సంస్థే ఇళ్లు కట్టాలనీ, యజమాని కూడా అదే కావాలనీ వాదించిన ఆ కౌన్సిలర్ పేరు ఈరోజు గ్లాస్గోలో ఆ ఇళ్ల అద్దె వసూలు చేసే సంస్థ మీద కనిపిస్తుంది: వీట్లీ హోమ్స్. అది కౌన్సిల్‌ది కాదు.