హెచ్‌ఐవీ మందులంటే భయం: ఏది పాతది, ఏది ఇప్పటిది

హెచ్‌ఐవీ మందులు వేసుకుంటే మొహం పీక్కుపోతుందని, అరికాళ్లు మండుతాయని ఇప్పటికీ చాలామంది భయపడతారు. అది పుకారు కాదు, స్టావుడిన్ అనే మందు వాడిన రోజుల్లో నిజంగానే అలా జరిగింది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చుకునేటప్పుడు ఈ మందు మధ్యలో దూరి ఆ గొలుసు ముందుకు సాగకుండా ఆపేస్తుంది. కానీ మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కూడా డీఎన్‌ఏ ఉంటుంది కదా, దాన్ని నకలు తీసే ఎంజైమ్ కూడా ఈ మందు దెబ్బకు చిక్కేది. అందుకే నరాలు దెబ్బతినేవి, బుగ్గల్లో కొవ్వు కరిగిపోయేది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా మానేయమని చెప్పింది. భయం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది డోలుటెగ్రావిర్. కొందరికి తలనొప్పి వస్తుంది, నిద్ర పట్టదు (అలాంటప్పుడు డాక్టర్ని అడిగి పొద్దున వేసుకోవచ్చు), కొందరు బరువు పెరుగుతారు. మొదటి వారాల్లో రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థం) కాస్త పెరిగి కనిపిస్తే కిడ్నీలు పోయాయని టెన్షన్ పడిపోతారు. క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని ఈ మందు కొంత అడ్డుకుంటుంది, అంతే. వడపోత మామూలుగానే జరుగుతుంటుంది. నిజంగా కిడ్నీలను, ఎముకలను కనిపెట్టుకుని ఉండాల్సింది దీనితో కలిపి ఇచ్చే టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ విషయంలో.

డోలుటెగ్రావిర్ పనిచేసే తీరులోనే ఇంకో చిక్కు ఉంది. వైరస్ ఎంజైమ్ మధ్యలో ఉండే మెగ్నీషియం అయాన్లను పట్టుకుని అది ఆ ఎంజైమ్‌ని కట్టిపడేస్తుంది. ఎసిడిటీ మందుల్లోని మెగ్నీషియం, అల్యూమినియం, మాత్రల్లోని కాల్షియం, ఐరన్ కడుపులోనే ఎదురైతే వాటినీ అలాగే పట్టుకుంటుంది, ఇక రక్తంలోకి చేరేది తక్కువ. అందుకే అలాంటి ఎసిడిటీ మందుకు 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ దీన్ని వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే భోజనంతో పాటు కలిపి వేసుకోవచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్‌ని రోజుకు ఒకసారి బదులు రెండుసార్లు ఇస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు. వేసుకునే ప్రతి మాత్ర పేరూ డాక్టర్‌కి చెప్పాలి, ఎసిడిటీ మాత్రతో సహా!

అబకావిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. హెచ్‌ఎల్‌ఏ-బి 5701 అనే జన్యురకం ఉన్నవాళ్లలో చాలామందికి ఈ మందు పడక జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం మొదలై ప్రతి డోసుకీ ముదురుతాయి. ఇది ఎక్కువగా మొదటి ఆరు వారాల్లోనే బయటపడుతుంది. అలా ఆపిన మందును మళ్లీ ఎప్పుడూ వేసుకోకూడదు, కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందుగా జన్యుపరీక్ష చేస్తే ఈ ప్రమాదం దాదాపు తప్పిపోతుంది.

ఇవన్నీ చదివి మందులు ఆపేద్దామనుకుంటే అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది. 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో 5,472 మంది పాల్గొన్నారు. సీడీ4 కణాల (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) లెక్క బాగున్నప్పుడు మందులు ఆపి, అది తగ్గాక మళ్లీ మొదలుపెట్టిన వాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయి. మందులు ఆపితే గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు తగ్గుతాయనుకున్నారు గానీ అవి కూడా పెరిగాయి. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం: టెనోఫోవిర్, లామివుడిన్ అనే హెచ్‌ఐవీ మందులు ఈ రెండు వైరస్‌ల మీదా పనిచేస్తాయి కాబట్టి, వాటిని ఉన్నట్టుండి ఆపితే లివర్ ఒక్కసారిగా తీవ్రంగా దెబ్బతినవచ్చు. అందుకే ఏదైనా మందు పడకపోయినా, దాన్ని మార్చే ముందు హెపటైటిస్ బి ఉందో లేదో డాక్టర్లు చూసుకుంటారు.