ఆటోసెకన్ల కొలతలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు, చెన్నై లేజర్ ల్యాబుల్లో చేరే మనవాళ్ల నోట తరచూ వినిపించే మాటలివి.

అపోహ: కాంతి తగిలిన క్షణమే ఎలక్ట్రాన్ బయటపడుతుంది.

2010లో నియాన్‌పై జరిపిన కొలతలో 2ఎస్ ఎలక్ట్రాన్ కంటే 2పీ ఎలక్ట్రాన్ (ఇవి పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండే స్థాయిల పేర్లు) దాదాపు 21 ఆటోసెకన్లు వెనకబడింది. సెకనును వంద కోట్ల ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్లీ వంద కోట్లు చేస్తే వచ్చేది ఒక ఆటోసెకను. సిద్ధాంతం లెక్కలకు ఇందులో సగం కూడా రాలేదు. ఏళ్లపాటు సాగిన ఈ పేచీని 2017లో స్వీడన్‌లోని లుండ్ బృందం తేల్చింది. 2పీ ఎలక్ట్రాన్ పోతూ పోతూ మరో ఎలక్ట్రాన్‌ను పై స్థాయికి నెడితే, అలా బయటపడ్డ ఎలక్ట్రాన్ శిఖరం స్పెక్ట్రంలో (ఎలక్ట్రాన్ల శక్తుల గ్రాఫులో) 2ఎస్ శిఖరం పక్కనే పడుతుంది. రెండింటినీ విడదీశాక లెక్క కుదిరింది. అంకె వింతగా వస్తే ముందు స్పెక్ట్రంలో పక్క శిఖరాలు వెతకండి. కొత్త ఫిజిక్స్ సంగతి తర్వాత.

అపోహ: అంత వేగమైన డిటెక్టర్ ఉంటుంది.

ఎక్కడా లేదు. ఎలక్ట్రాన్ ప్రయాణకాలం కొలిచే టైమ్-ఆఫ్-ఫ్లైట్ గొట్టం నానోసెకన్లలోనే పనిచేసి, ఎలక్ట్రాన్ శక్తి చెబుతుంది, అంతే. రాబిట్ పద్ధతిలో అతినీలలోహిత ఆటోసెకను పల్స్‌లు ఎలక్ట్రాన్‌ను బయటికి నెడతాయి. వాటికి తోడుగా పంపే 800 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ పల్స్‌ను, అంటే ప్రోబ్‌ను, సమయంలో ముందూ వెనకా జరుపుతుంటే సైడ్‌బ్యాండ్ (ప్రోబ్ వల్ల అదనంగా లేచే శిఖరం) 1.33 ఫెమ్టోసెకన్లకోసారి పెరిగి తగ్గుతుంది. ఆ ఊపులో 2.7 డిగ్రీల ఫేజ్ తేడా అంటే 10 ఆటోసెకన్లు. ఆ అంకెలో ప్రోబ్ తెచ్చిపెట్టిన వాటా కూడా ఉంటుంది, దాన్ని లెక్కగట్టి తీసేయాలి. సిగ్నల్ కోసం ప్రోబ్ పవర్ పెంచేస్తే ఫోరియర్ లెక్కలో (ఊపును ఫ్రీక్వెన్సీలుగా విడదీసేది) రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంకో శిఖరం లేస్తుంది. అది కనిపిస్తే ప్రోబ్ దారిలోని ఐరిస్ (కిరణాన్ని సన్నబరిచే రంధ్రం) కొంచెం మూయండి.

అపోహ: బెంగళూరు చల్లని ఊరు, ఉష్ణోగ్రత బెడద ఉండదు.

కావలసింది చల్లదనం కాదు, నిలకడ. 10 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు మౌంటు 0.01 డిగ్రీ వేడెక్కితే సుమారు 17 నానోమీటర్లు సాగుతుంది. కాంతికి అది 57 ఆటోసెకన్ల దూరం. ఏసీ ఆగి నడిచినప్పుడల్లా డేటా ఊగేది ఇందుకే. హీలియం-నియాన్ లేజర్ కిరణాన్ని రెండు దారుల్లో పంపి, ఫ్రింజ్‌లు (రెండూ కలిసినచోట పడే చారలు) కదిలితే పీజో అద్దంతో (వోల్టేజీతో కొద్దికొద్దిగా జరిగేది) సర్దాలి. చెన్నైలో తేమ ఇంకో తలనొప్పి: వాక్యూమ్ ఛాంబర్‌ను పొడి నైట్రోజన్‌తో నింపే తెరవాలి, పని అవగానే మూసేయాలి.

అపోహ: లేజర్ మంచిదైతే చాలు.

ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపి అతినీలలోహితాన్ని వదిలే 200 నానోమీటర్ల అల్యూమినియం రేకు చిల్లు పడితే ఎంత మంచి లేజరైనా దండగే. ప్రోబ్‌ను మూసినా సైడ్‌బ్యాండ్లు కనిపిస్తుంటే ముందు రేకునే అనుమానించండి. గేట్ వాల్వ్ (ఛాంబర్ల మధ్య తలుపు) ఒక్కసారిగా తెరిస్తే రేకు చిరుగుతుంది, బైపాస్ గొట్టంతో రెండువైపులా ఒత్తిడి సమం చేస్తూ మెల్లగా పంప్ చేయాలి. కొత్తది బిగించేముందు టార్చికి అడ్డంపెట్టి చూసి, చుక్కలుగా వెలుతురు కారితే పక్కన పడేయండి.