పట్టు విడవని ప్రార్థన: అపోహలు, వాస్తవాలు

"ఇంకెన్నాళ్లు ప్రార్థన చేయాలి పాస్టరుగారూ?" అని అడిగేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర తేదీ ఏమీ ఉండదు. కానీ ఆ ప్రశ్న వెనక ఉండే తప్పుడు లెక్కల్ని మాత్రం ఏళ్ల తరబడి వింటున్నాను. వాటిలో సగం వేదికల మీది నుంచి వచ్చినవే, పాపం జనాన్ని అనడానికి లేదు.

అపోహ: దేవుణ్ని విసిగిస్తే చివరికి ఇచ్చేస్తాడు

దీనికి లూకా సువార్త 18లో న్యాయం కోసం ఒక న్యాయాధిపతి చుట్టూ పదేపదే తిరిగిన విధవరాలి కథ చూపిస్తారు. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషుల్ని లెక్కచేయడు, ఈమె పోరు పడలేక న్యాయం చేశాడు. నిజమే, కానీ యేసు అతన్ని దేవునికి పోలికగా పెట్టలేదు, తేడా చూపించడానికి పెట్టాడు. అలాంటివాడే కదిలినప్పుడు, తాను ఏర్పరచుకున్నవాళ్లు రాత్రింబగళ్లు మొరపెడుతుంటే దేవుడు న్యాయం తీర్చడా అన్నదే అక్కడి మాట. లూకా 11లో అర్ధరాత్రి రొట్టెల కోసం స్నేహితుడి తలుపు తట్టినవాడి కథా ఇదే వరస, అది అవగానే చేప అడిగిన కొడుక్కి ఏ తండ్రైనా పాము ఇస్తాడా అన్న ప్రశ్న వస్తుంది. ఆ విధవరాలు వెళ్లింది పరాయివాడి దగ్గరికి, మనం వెళ్లేది తండ్రి దగ్గరికి. మరైతే పదేపదే ఎందుకు అడగాలంటారా? మనుష్యకుమారుడు (అంటే తాను) తిరిగి వచ్చేసరికి భూమ్మీద విశ్వాసం కనబడుతుందా అని యేసు ఆ ఉపమానాన్ని ముగించాడు. మధ్యలో మానేస్తామేమోనన్న అనుమానం దేవుడి మీద కాదు, మన మీద.

అపోహ: ఒకే మనవి రెండోసారి చేస్తే అవిశ్వాసం

తనను పట్టుకునే ముందు గెత్సేమనే తోటలో యేసు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి 26:44లో ఉంది. నా వరకు ఈ చర్చ అక్కడితో అయిపోయింది.

అపోహ: ఎక్కువసేపు, గట్టిగా, ఇన్ని రోజులు అని చేస్తేనే పట్టుదల

1 రాజులు 18వ అధ్యాయం ఒక్కసారి మొత్తం చదవండి. ఎవరి దేవుడు బలి మీదికి అగ్ని పంపుతాడో తేల్చుకుందామని ఏలీయా ప్రవక్త పోటీ పెట్టాడు. బయలు అనే దేవత ప్రవక్తలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కేకలు వేశారు, కత్తులతో కోసుకున్నారు, ఏమీ జరగలేదు. ఏలీయా ప్రార్థన రెండే రెండు వచనాలు, అగ్ని దిగింది. ఇక్కడ ఆపేసి "చిన్న ప్రార్థనే పవర్‌ఫుల్" అని ఇంకో ఫార్ములా తయారుచేసేవాళ్లూ ఉన్నారు. కాస్త ఆగండి. అదే మనిషి ఆ తర్వాత వాన కోసం కర్మెలు కొండ మీద మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని, సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ని పంపుతూనే ఉన్నాడు. ఏమీ లేదన్న ప్రతిసారీ మళ్లీ వెళ్లమన్నాడు. ఏడోసారికి కనబడింది మనిషి చెయ్యంత మబ్బు. పైగా వాన కురిపిస్తానని ఆ అధ్యాయం మొదటి వచనంలోనే దేవుడు మాట ఇచ్చి ఉన్నాడు! అగ్నికి ఒక్కసారి, వానకు అన్నిసార్లు ఎందుకో బైబిలు చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పను.

21 రోజుల ఉపవాసానికి దానియేలును చూపించేవాళ్లకు ఒక మాట. దానియేలు 10లో ఆయన మూడు వారాలు ఉపవాసం ఉన్నాక దూత వచ్చి చెప్పింది, మొదటి రోజే నీ మాటలు వినబడ్డాయని. ఉపవాసం ఉండండి, మంచిదే. దాన్ని బిల్లు కట్టిన రసీదులా దేవుడి ముందు పెట్టకండి.

అపోహ: జవాబు రాలేదంటే నీ విశ్వాసం చాలలేదు

మంచాన పడ్డ మనిషి ఇంటికెళ్లి ఈ మాట అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పౌలు తనను వేధిస్తున్న బాధను "శరీరంలో ముల్లు" అన్నాడు, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆయన విశ్వాసం ఎంత శాతమో ఎవరైనా కొలుస్తారా? దావీదు రాజు జబ్బుపడ్డ తన బిడ్డ కోసం ఉపవాసముండి నేల మీద పడి ఉన్నాడు, ఏడో రోజు బిడ్డ చనిపోయాడని తెలిశాక లేచి స్నానం చేసి, మందిరానికి వెళ్లి మొక్కి, భోంచేశాడు. ఆగడం కూడా తెలియాలి.

అడిగింది కాక వేరేది వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తొలినాళ్ల సంఘంలో పెద్ద బోధకుడైన అగస్టీను తల్లి మోనికా, కొడుకు తనను విడిచి ఓడెక్కి వెళ్లిపోకూడదని ఆ రాత్రంతా ప్రార్థించింది. అతను వెళ్లిపోయాడు. రోము మీదుగా మిలాను చేరి, అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు విని, 387లో ఆయన చేతనే బాప్తిస్మం తీసుకున్నాడు. కొడుకు మారాలని ఆమె ఏళ్ల తరబడి ఏడ్చిన ఏడుపుకు జవాబు ఆ ప్రయాణంలోనే ఉంది.

అపోహ: ప్రార్థిస్తున్నాం కాబట్టి ఇంకేం చేయక్కర్లేదు

పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా, యూదుల కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, అంటే దాదాపు నాలుగు నెలలు, గోడలు కూలిన యెరూషలేము గురించే ప్రార్థించాడు. రాజు ఏం కావాలని అడిగేసరికి ఎంతకాలం పడుతుందో, ఏ అధికారులకు లేఖలు కావాలో, కలప ఎక్కడి నుంచి తేవాలో అన్నీ చెప్పాడు. ప్లాన్ అంతా ఆ నెలల్లోనే తయారైనట్టుంది. మీరూ డాక్టరు రాసిన మందులు వేసుకోండి, ఇంటర్వ్యూకి చదువుకోండి.

అపోహ: మనసు లగ్నం కాకపోతే ఆ ప్రార్థన లెక్కలోకి రాదు

88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు వచనం ఒక్కటీ లేకుండా. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. మనకు మాటలు రానప్పుడు దేవుని ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది. అలాంటి రోజున గంట కూర్చోవాలని టెన్షన్ పడకండి. 13వ కీర్తన ఆరు వచనాలే, బయటికి చదవండి, మనవి ఒక్క వాక్యంలో చెప్పి లేవండి. రేపు అదే టైముకు మళ్లీ కూర్చోండి.