పువ్వులు కొనేముందు గడియారం చూడండి

బరంపురంలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే పూల కొట్ల దగ్గర అందరూ అడిగేవి రెండే, మూర ఎంత, రంగు బాగుందా. నన్నడిగితే వాటికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుంది, విచ్చాక ఎంతసేపు నిలుస్తుంది? ఏ వేడుకకు ఏ పువ్వు అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే పువ్వు పూసేది మన ముహూర్తం కోసం కాదు, తన పుప్పొడిని మోసే పురుగు కోసం.

మల్లెనే తీసుకోండి. తెల్లటి రంగు, సాయంత్రం విచ్చుకోవడం, చీకటి పడ్డాక గుప్పుమనే వాసన, ఇవన్నీ రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల్ని పిలవడానికి చేసుకున్న ఏర్పాట్లు. పొద్దున్నే కోసిన మొగ్గను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, వాసన దాదాపు ఉండదు. లినలూల్, బెంజైల్ ఎసిటేట్ లాంటి వాసననిచ్చే పదార్థాలను మల్లెలు రేకులు విచ్చుకునే వేళకే తయారుచేసి గాల్లోకి వదులుతాయి. కొమ్మ నుంచి తెంపినా ఆ పని ఆగదు. నువ్వుల మధ్య మల్లెలు పరిచి, వాసన పట్టాక ఆ నువ్వుల్ని గానుగాడే పద్ధతి మన దేశంలో పాతకాలం నుంచీ ఉన్నది ఇందుకే. కాబట్టి రాత్రి ముహూర్తమైతే మల్లెకు తిరుగులేదు, మధ్యాహ్నం కట్టిన మొగ్గల దండ సరిగ్గా పీటల మీద కూర్చునే వేళకు విచ్చుకుంటుంది. అదే పగలు పదకొండు గంటల ముహూర్తమైతే? ఆ రోజు కోసినవి ఇంకా మొగ్గలుగానే ఉంటాయి, నిన్నటివి అంచులు గోధుమరంగుకు తిరిగి వాడిపోయి ఉంటాయి. పగటి పెళ్లికి కనకాంబరం, చామంతి, మధ్యమధ్యలో మరువం పెట్టి కట్టించుకోండి. మరువం వాసన ఆకు మీదుండే సన్నటి గ్రంథుల్లో ముందే నిల్వ ఉంటుంది, ఆకు కాస్త నలిగితే చాలు, ఏ వేళైనా బయటికొస్తుంది. వాసన లేని కనకాంబరంతో మరువాన్ని కలిపి కట్టడం ఎవరు మొదలుపెట్టారో గానీ చాలా తెలివైన పని.

ఒక్క మాట, మల్లెల్ని గాలాడని ప్లాస్టిక్ కవర్లో కట్టి కారులో పెట్టకండి. కోసిన పువ్వు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, దాంతో లోపల వేడి పుట్టి, చెమ్మ పట్టి, గంటల్లో మగ్గిపోతాయి. తడిగుడ్డో అరటాకో చాలు.

గుమ్మానికి మాత్రం బంతే. ఒక బంతిపువ్వును నిలువునా చీల్చి చూడండి. మనం రేకు అనుకుంటున్న ప్రతిదాని అడుగునా పుల్లలా సన్నటి తెల్లటి భాగం కనిపిస్తుంది, అది ముదిరితే గింజ. అంటే ఒక్కో రేకూ ఒక్కో చిన్న పువ్వు, అలాంటివి వందకు పైగా ఒకే గిన్నెలో గుచ్చినట్టు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే పచ్చటి తొడిమ గట్టిది, అందుకే ఎండినా పువ్వు విడిపోదు. రంగు నిలవడానికి కారణం ల్యూటిన్ అనే పదార్థం, నీళ్లలో కరగదు కాబట్టి వానకు తడిసినా తోరణం వెలిసిపోదు. కోడిగుడ్డు సొన పసుప్పచ్చగా రావాలని కోళ్ల దాణాలో కలిపేది కూడా బంతిపూల నుంచి తీసిన ఈ ల్యూటిన్‌నే. మందారం సంగతి వేరు. దాని ఎరుపు ఆంథోసయనిన్‌ది, అది రేకు రసంలో కరిగి ఉంటుంది. రేకును తెల్లకాగితం మీద రుద్ది ఆ మరక మీద నిమ్మరసం వేస్తే ఎరుపు తేలుతుంది, తినే సోడా నీళ్లు వేస్తే నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. అమ్మవారికి పొద్దున పెట్టిన మందారం సాయంత్రానికి ఊదారంగుకు తిరిగితే కంగారుపడకండి, అపశకునమేమీ కాదు, పువ్వు వాడేకొద్దీ రసంలో పులుపు తగ్గుతుందంతే. మందారం ఒక్కపూట పువ్వు, పూజకు సరే, తోరణానికి వద్దు.

బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండగకు ఇళ్లలో, సమాధుల మీద ఈ పూలే పరుస్తారు, మనం శుభకార్యానికి గుమ్మానికి కడతాం. మా ఒడియా ఇరుగుపొరుగు పెళ్లి మండపానికీ అంతిమయాత్రకూ రజనీగంధనే తెస్తారు, మనం లిల్లీ అంటామే, అదే. శుభం అశుభం మనం పెట్టుకున్నవి, పువ్వులో లేవు.

చామంతి రాత్రి పొడవును బట్టి పూస్తుంది. పగలూ రాత్రీ ఎంతసేపన్నదాన్ని బట్టి మొక్కలు పూతకొస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా పరిశోధకులు తేల్చారు. రాత్రులు పొడవైతే చామంతి మొగ్గ తొడుగుతుంది, అందుకే కొందరు రైతులు తోటలో రాత్రిపూట బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరుపుతారు. మార్గశిర లక్ష్మివారాల పూజకు చామంతి చవగ్గా, తాజాగా దొరకడం ఆ చలికాలపు రాత్రుల వల్లే.

ఇక మన గంజాం జిల్లా సొమ్ము, మొగలి. ఛత్రపురం, చికిటి వైపు ఇసుక నేలల్లో ముళ్ల పొదలుగా పెరుగుతుంది. వాసన మగపువ్వుకే ఉంటుంది, ఆడచెట్టు పువ్వుకు ఉండదు. ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే ఆ పువ్వు నుంచి తీసే నూనెలో సగానికి పైగా ఉంటుంది, అందుకే ఒక్క రేకు పెట్టినా బట్టల పెట్టె అంతా ఘుమఘుమలాడుతుంది. తెల్లవారుజామున కోసి వెంటనే నూనె తీసే బట్టీకి చేరుస్తారు, ఆలస్యమైతే వాసన పోతుంది. గంజాం మొగలి పువ్వుకూ, దాన్నుంచి తీసే కేవ్‌డా రూహ్ అనే నూనెకూ జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తింపు కూడా ఉంది. అయినా మన పెళ్లిళ్లలో మొగలిరేకుల జడ కనిపించడం మానేసింది, నాకు నిజంగా బాధగా ఉంటుంది. శివపూజకు మొగలి పనికిరాదనే పురాణకథ మనకు తెలిసిందే, కానీ పెళ్లికూతురి జడకు ఏ అడ్డూ లేదు కదా.

సన్మానాలకు, రిసెప్షన్లకు ఆర్కిడ్, కార్నేషన్ బొకేలు తెస్తున్నారు. వాటిని పండ్ల తట్ట పక్కన పెట్టొద్దు. పండే అరటి, మామిడి ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి, అది సోకితే ఈ పూలు తొందరగా ముడుచుకుపోతాయి. 1901లో నెల్యుబోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, దీపాలు వెలిగించడానికి వాడే గ్యాస్ తగిలిన బఠానీ మొలకలు వంకర తిరగడానికి కారణం ఇథిలీనేనని పట్టుకున్నాడు. గెలలకు పొగబెట్టి మాగబెట్టేది కూడా పొగలో ఉండే ఈ వాయువుతోనే, కాబట్టి అగరొత్తుల పొగకూ బొకే దూరంగానే ఉండాలి.

పూజకు గన్నేరు తెచ్చుకోండి, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. ఎర్రగన్నేరైనా పచ్చగన్నేరైనా ఆకు, పువ్వు, గింజ అన్నిట్లోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది, ఎండినా పోదు. నిర్మాల్యాన్ని ఆవు ముందు వేసే అలవాటుంటే గన్నేరును ముందే ఏరి పక్కన పెట్టి, మట్టిలో పాతేయండి.