హిస్టమిన్ టిక్కీలు మోసేదెవరు?

"మిర్చి యార్డులో అడుగు పెడితే చాలు, తుమ్ములే తుమ్ములు. ఇది అలర్జీయేనా సార్?" అని గుంటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. చాలామంది విషయంలో కాదు. మిరపలోని క్యాప్సేసిన్ ముక్కులో మంట తెలిపే నరాల కొసలను నేరుగా రేపుతుంది. ఆ తుమ్ము నరాల పని. ఏళ్ల తరబడి అక్కడే పనిచేసే కొందరికి నిజమైన అలర్జీ రావచ్చు, అది డాక్టరు పరీక్ష చేసి తేల్చాల్సిన సంగతి. అసలు అలర్జీకి, పడని పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ యాంటీబాడీలు కావాలి, వాటిని ఒంటినిండా తగిలించుకున్న మాస్ట్ కణం అనే రోగనిరోధక కణం కావాలి.

ఆ కణం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మాత్రం మిర్చి వ్యాపారాన్ని మించిన పోలిక నాకు దొరకలేదు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీ ఒకటి ఊహించుకోండి. లోపల వరసలు వరసలుగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. మాస్ట్ కణంలోనూ అంతే, వందలకొద్దీ సంచులు, ఒక్కో సంచిలో హెపారిన్ అనే పదార్థానికి అంటుకుని హిస్టమిన్, అంటే దురద, వాపు తెచ్చే రసాయనం. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రంగులద్ది చూస్తే కణం నిండా ముదురు గింజలు కనిపించాయి. బాగా మేసిన కణం అనుకుని జర్మన్‌లో ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు.

మన పాఠాల్లో "మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ విడుదలవుతుంది" అని చెప్పేస్తారు. నాకు చాలా బాధ కలిగించే మాట ఇది. కణం పగలదు. గోడౌను కూలిపోతే మిర్చి రోడ్డున పడటం వేరు, హమాలీలు టిక్కీలు మోసుకొచ్చి గేటు దగ్గర విప్పడం వేరు. అలర్జీలో జరిగేది రెండోది. హమాలీకి కూలి కావాలి. కణంలో ఆ కూలి ఏటీపీ, పనులకు శక్తినిచ్చే అణువు.

1960లు, 70లలో ఎలుకల మాస్ట్ కణాలతో దీన్ని చక్కగా తేల్చారు. కణంలో ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాను ఆపే యాంటీమైసిన్ అనే రసాయనం వేసి, గ్లూకోజు లేని ద్రవంలో ఉంచితే, ఎంత రెచ్చగొట్టినా హిస్టమిన్ చాలావరకు లోపలే ఉండిపోయింది. అదే ద్రవంలో గ్లూకోజు కలిపితే మళ్లీ బయటికొచ్చింది. అంటే మైటోకాండ్రియా ఇంటి భోజనం లాంటిది, ఒక గ్లూకోజు మీద సుమారు 30 ఏటీపీలు. గ్లైకాలిసిస్, అంటే మైటోకాండ్రియా లేకుండానే గ్లూకోజును విరవడం, గేటు దగ్గరి టిఫిన్ బండి, దక్కేది 2 మాత్రమే కానీ వెంటనే. ఏదో ఒకటి ఉంటే పని నడుస్తుంది. రెండూ మూతపడితే టిక్కీ కదలదు. ఏటీపీ ఎంత పడిపోతే విడుదల కూడా అంత తగ్గింది.

కూలి ఎక్కడెక్కడ ఖర్చవుతుంది? పుప్పొడో, రొయ్య ప్రోటీనో రెండు ఐజీఈలను కలిపి పట్టుకోగానే లిన్, సిక్ అనే కైనేజులు ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసి పక్క ప్రోటీన్లకు తగిలిస్తాయి. ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైము ఐపీ3 అనే సంకేత అణువును విడుదల చేస్తుంది, దాంతో కణంలోని నిల్వల నుంచి కాల్షియం పొంగుతుంది, పైపొరలో ఒరాయ్1 ద్వారాలు తెరుచుకుంటాయి. సంచి పొర, కణం పొర ఒకటయ్యేటప్పుడు స్నేర్ ప్రోటీన్లు జిప్పులా పెనవేసుకుంటాయి. ఆ పెనవేతకు అప్పటికప్పుడు ఏటీపీ అక్కర్లేదు. పెనవేసుకున్నవాటిని విడదీసి మళ్లీ వాడుకోవాలంటే మాత్రం కావాలి. ఇక సంచి తెరుచుకున్నాక బయటి సోడియం లోపలికి వస్తుంది, హిస్టమిన్ హెపారిన్‌ను వదిలేస్తుంది. టిక్కీ కోశాక ఘాటు గాలిలో కలవడానికి హమాలీ దేనికి?

సరుకు కదలకుండా దాచడానికీ ఖర్చుంది. కోల్డ్ స్టోరేజీకి రాత్రింబవళ్లు కరెంటు కావాలి కదా. ఇక్కడ సంచి పొరలోని పంపులు ఏటీపీ ఖర్చుపెట్టి ప్రోటాన్లను సంచిలోకి తోస్తాయి, లోపల పీహెచ్ 5.5 దగ్గర, అంటే ఆమ్లంగా నిలుస్తుంది. ఆ ప్రోటాన్లు బయటికి వస్తూ హిస్టమిన్‌ను లోపలికి పంపుతాయి.

ఇది విని "అయితే పంచదార మానేస్తే, పస్తుంటే అలర్జీ తగ్గుతుందా?" అని అడుగుతారు. తగ్గదు. పస్తున్నా శరీరం రక్తంలో గ్లూకోజును పడిపోనివ్వదు. ఆ ప్రయోగాలు గాజు పాత్రలో కడిగిన కణాల మీద చేసినవి. దద్దుర్లొస్తే మా నాయనమ్మ గాలి సోకిందని గొంగళితో రుద్దేది. ప్రేమతోనే రుద్దేది కానీ, కొందరి చర్మంలో ఆ రాపిడికే మాస్ట్ కణాలు మరిన్ని సంచులు విప్పుతాయి. నా ముంజేతి మీద గీతలు గీతలుగా ఉబ్బిన ఎర్రటి చారలు ఇప్పటికీ గుర్తున్నాయి. మనం వేసుకునే సెట్రిజిన్ మాత్ర ముఖ్యంగా చేసేది, వచ్చిన హిస్టమిన్ రక్తనాళాల మీద పనిచేయకుండా చూడటం. టిక్కీల మోత మాత్రం సాగుతూనే ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, గొంతు వాచినా మాత్ర చాలదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి అడ్రినలిన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి.

ఖాళీ అయిన కణం చచ్చిపోదు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మళ్లీ హిస్టమిన్ చేసుకుంటుంది, పంపులు మళ్లీ నింపుతాయి, దానికి రోజులు, వారాలు పడుతుంది. అందుకే తీవ్రమైన అలర్జీ వచ్చిన వెంటనే చర్మపరీక్ష చేస్తే ఏమీ లేదని తప్పుగా రావచ్చు. డాక్టర్లు సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆగి రమ్మంటారు.