తుపాకీ మీద ఆ గాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ దగ్గరి కోర్వాలో తయారవుతున్న ఏకే-203 ఫొటోను, పాత ఏకే-47 ఫొటోను పక్కపక్కన పెట్టి చూడండి. వంపు తిరిగిన మ్యాగజైన్ అదే, వాలకమూ అదే. కొట్టొచ్చినట్టు కనిపించే తేడా పైమూత మీద ఉంది. కొత్తదానికి అక్కడ సమాన దూరంలో అడ్డంగా గాళ్లు కోసిన ఒక పట్టా ఉంటుంది. 2019లో మన సైన్యం అమెరికా కంపెనీ నుంచి కొన్న 72,400 సిగ్-716 రైఫిళ్ల మీదా అదే పట్టా. 2020లో ఆర్డరిచ్చిన ఇజ్రాయెల్ నెగెవ్ మెషిన్‌గన్‌ల మీదా అదే. రష్యా, అమెరికా, ఇజ్రాయెల్ ముగ్గురూ వాదన లేకుండా ఒప్పుకున్న సంగతులు తక్కువ. ఈ గాళ్ల కొలత వాటిలో ఒకటి.

దీన్ని పికటినీ రైల్ అంటారు. స్కోప్, రెడ్ డాట్ (గురి చోట ఎర్ర చుక్క చూపే సైట్), నైట్ సైట్ (చీకట్లో గురి చూసే పరికరం), లేజర్, టార్చ్, ముందు చేతిపట్టు, ఏది తగిలించాలన్నా దీని మీదే. 1990ల్లో సైన్యంలోకి వచ్చిన మన ఇన్సాస్ రైఫిల్‌కు ఇది లేదు. ఇప్పుడేమో ఈ రైల్ లేని రైఫిల్‌ను కొత్తగా కొనే సైన్యం అరుదు. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు అసలు చిక్కు ఏమిటో చూడాలి.

స్కోప్ తగిలించడంలో ఏముంది, నాలుగు స్క్రూలు బిగిస్తే సరి అనిపిస్తుంది. లెక్క వేస్తే అంత తేలిక కాదని తెలుస్తుంది. స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే భాగాన్ని మౌంట్ అంటారు. దాని పొడవు 10 సెంటీమీటర్లు అనుకుందాం. దాని ముందు చివర కదలకుండా ఉండి, వెనక చివర 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. అంటే ఒక కాగితం మందం. వంద మీటర్ల దూరంలో గురి 10 సెంటీమీటర్లు తప్పుతుంది. మూడొందల మీటర్లకైతే 30 సెంటీమీటర్లు. పైగా తుపాకీ పేలిన ప్రతిసారీ వెనక్కి తంతుంది, బ్యారెల్ వేడెక్కుతుంది, సిపాయి పరిగెడతాడు, పడతాడు. ఇన్ని జరిగినా స్కోప్ కదలకూడదు. దానికి తోడు, స్కోప్ తీసి నైట్ సైట్ పెట్టి, మళ్లీ స్కోప్ పెడితే గురి పాత చోటికే రావాలి. గురి సరిచేసుకోవడాన్ని సైన్యంలో జీరో చేయడం అంటారు. తీసి పెట్టినా జీరో చెదరకపోవడమే మౌంట్‌కు అసలు పరీక్ష. మిగతాదంతా హంగు.

మొదట్లో ఈ పనంతా తుపాకులు బాగుచేసే మేస్త్రీల చేతి పనితనం మీద నడిచేది. వేట తుపాకీ తీసుకెళ్తే, దానికి రంధ్రాలు వేసి, ఆ ఒక్క తుపాకీకి ఆ ఒక్క స్కోప్‌కు సరిపోయేలా మౌంట్ అమర్చి ఇచ్చేవారు. ఈ వ్యాపారాన్ని మార్చినవాడు విలియం రాల్ఫ్ వీవర్. 1930లో అమెరికాలోని కెంటకీలో కంపెనీ పెట్టి, కొన్నేళ్లకే టెక్సస్‌లోని ఎల్ పాసోకు మారాడు. మామూలు వేటగాడు కొనగలిగే ధరలో స్కోప్‌లు చేశాడు. వాటికి తోడుగా రెండు పక్కలా ఏటవాలుగా చెక్కిన బేస్ తెచ్చాడు. స్కోప్ రింగులు ఆ ఏటవాలు అంచులను పట్టుకుంటాయి. అడ్డంగా ఉన్న గాడిలో ఒక బోల్టు కూర్చుని, తుపాకీ తన్నినప్పుడు రింగు జారకుండా ఆపుతుంది. గాడి వెడల్పు 0.18 అంగుళం, అంటే సుమారు 4.57 మిల్లీమీటర్లు. ఆలోచన మొత్తం ఇందులోనే ఉంది. లేనిదల్లా గాడికీ గాడికీ మధ్య ఎంత దూరం ఉండాలన్న నియమం. ఒక్కో తయారీదారు తనకు వీలైన చోట కోసుకున్నాడు.

సైన్యాల పరిస్థితి ఇంతకంటే అధ్వానం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ల ఎం1 గారండ్ రైఫిల్‌కు తూటాల క్లిప్ పైనుంచి దూర్చాలి. అందుకని స్నైపర్లకిచ్చిన ఎం1సి రకంలో స్కోప్‌ను నడినెత్తిన పెట్టలేక ఎడమ పక్కకు బిగించారు. కన్ను ఎడమకు జరిగింది, చెంప ఆనడానికి చోటు లేదు. చివరికి బట్‌కు (భుజానికి ఆనించే వెనక భాగానికి) తోలు మెత్త కట్టి సరిపెట్టారు. తర్వాత వచ్చిన ఎం16కు పైన చేతిపిడి ఉండేది. దాని మీద స్కోప్ పెడితే మరీ ఎత్తయ్యి, చెంప బట్‌కు ఆనక తల గాల్లో ఉండేది.

ఇంకా ముచ్చటైన సంగతి 1970 నవంబరులో జరిగింది. ఉత్తర వియత్నాంలోని సోన్ టే యుద్ధఖైదీల శిబిరం మీద అమెరికన్ ప్రత్యేక దళాలు రాత్రి దాడి చేశాయి. చీకట్లో గురి కుదరడం లేదని బజారులో దొరికే సింగిల్‌పాయింట్ సైట్లు కొన్నారు. తుపాకీకి తగిలించే దారి లేక టేపు చుట్టి బిగించారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్చుపెట్టే సైన్యం పరిస్థితి ఇది! ఖైదీలను అప్పటికే వేరే చోటికి తరలించడంతో శిబిరం ఖాళీగా ఉంది, అది వేరే కథ. టార్చిలను గొట్టాలు బిగించే క్లాంపులతో తుపాకులకు కట్టుకోవడం ఆ తర్వాత చాలాకాలం నడిచింది.

ఎం16 పైపిడిని తీసేసి చదును చేద్దామన్న ఆలోచనలో కెనడా ముందుంది. అక్కడి డిమాకో కంపెనీ చేసిన సి7ఎ1 రైఫిల్‌కు పైన వీవర్ తరహా రైల్ పెట్టారు, దాని మీద ఎల్కాన్ స్కోప్. మంచి పనే. అయితే అప్పటికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు కాబట్టి వాళ్ల గాళ్ల లెక్క వాళ్లదే అయింది. తర్వాత వచ్చిన అమెరికన్ రైల్‌కూ దానికీ పొంతన కుదరలేదు. ముందు నడిచినందుకు కెనడా కట్టిన జరిమానా అది.

న్యూజెర్సీలో పికటినీ ఆర్సెనల్ అని అమెరికా సైన్యానికి ఒక పాత కేంద్రం ఉంది. 1880లో మందుగుండు నిల్వ చేసే డిపోగా మొదలైంది. 1990ల మొదట్లో అక్కడి ఇంజనీర్లు ఈ గందరగోళాన్ని కాగితం మీద పెట్టారు. అప్పటికి వాడుకలో ఉన్న వీవర్ తరహా రైళ్లను కొలిచి, బాగున్న లక్షణాలను ఏరి, 1995 ఫిబ్రవరి 3న మిల్-స్టాండర్డ్-1913 అనే పత్రం వెలువరించారు. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, లోతు 3 మిల్లీమీటర్లు, ఒక గాడి మధ్య నుంచి పక్క గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు. దశాంశాలు చూసి ఆశ్చర్యపోకండి, అంగుళాల్లో రాసిన కొలతలవి. వీవర్ గాడి కంటే ఇది కొంచెం వెడల్పు కనుక వీవర్ సామాను చాలావరకు దీని మీద కూర్చుంటుంది. దీని సామాను మాత్రం వీవర్ మీద పట్టదు.

చూడ్డానికి ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. నా దృష్టిలో అదే దీని బలం. కొలత ఒకటే అయింది, తేడా ఎంతవరకు ఉండొచ్చో రాసిపెట్టారు, పత్రాన్ని అందరికీ ఇచ్చారు. ఏ ఊళ్లో లేత్ మిషన్ ఉన్నవాడైనా ఆ కొలతలు చూసి సామాను చేయొచ్చు. స్కోప్ కంపెనీ వాళ్లకు ఇక తుపాకీ ఏదో తెలియనక్కర్లేదు.

దీని మీద మౌంట్ బిగించే తీరు చూస్తే ఈ కొలతల అవసరం అర్థమవుతుంది. మౌంట్‌ను రైల్ మీద పెట్టి, అడ్డ బోల్టు గాడిలో పడ్డాక, బిగించే ముందు మౌంట్‌ను బ్యారెల్ వైపుకు నెట్టి ఉంచుతారు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ బరువు ముందుకు పోవాలని చూస్తుంది. బోల్టు ముందుగానే గాడి ముందు గోడకు ఆని ఉంటే ఇక జరగడానికి చోటుండదు. ఆ తర్వాతే స్క్రూ. చాలా రైళ్ల మీద గాళ్ల పక్కన వరసగా అంకెలు చెక్కి ఉంటాయి. ఏ నంబరు గాడిలోంచి తీశావో అదే గాడిలో మళ్లీ పెట్టాలి. ఒక గాడి అటో ఇటో అయితే జీరో మొదటికొస్తుంది.

స్క్రూలు తిప్పే ఓపిక లేనివాళ్ల కోసం లీవర్లు వచ్చాయి. మడత పెడితే బిగుసుకుంటుంది, విప్పితే ఊడుతుంది. మొదట్లో వచ్చిన లీవర్లలో బిగువు మార్చుకునే వీలు లేదు. అక్కడ స్టాండర్డ్ లోపం బయటపడింది. అందరూ అదే కొలత అంటున్నా, ఒక్కో ఫ్యాక్టరీ రైల్‌లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒక రైల్ మీద గట్టిగా కూర్చున్న లీవర్ ఇంకో రైల్ మీద వదులు, మరో దాని మీద మూయడానికే రాదు. దాంతో లీవర్ రెండో చివర చిన్న నట్ పెట్టి, దాన్ని తిప్పి బిగువు సవరించుకునే మౌంట్లు వచ్చాయి. వేల డాలర్ల స్కోప్ కుదురుగా కూర్చోవడం ఆ నట్ మీద ఆధారపడి ఉంటుంది.

నాటో 2009లో ఈ తేడాల మీదే పనిచేసింది. స్టానాగ్ 4694 (స్టానాగ్ అంటే నాటో దేశాల ఉమ్మడి ప్రమాణ పత్రం) పేరుతో వచ్చిన నాటో రైల్, పికటినీకి పొంతన చెడకుండానే కొలతలను మెట్రిక్‌లోకి మార్చింది. రైల్ ఎంత తిన్నగా ఉండాలన్న దగ్గర అనుమతించే తేడాను ఇంచుమించు సగానికి తగ్గించింది. ఇంకో మంచి మాట చెప్పింది. మౌంట్‌కు ఆధారం ఏటవాలు అంచులు కాకుండా రైల్ పైతలం కావాలి. అలా చేస్తే తీసి పెట్టినప్పుడు గురి పాతచోటికి ఇంకా నమ్మకంగా వస్తుందని పరీక్షల్లో తేలింది.

ఈలోగా అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాలు రైల్‌ను పైనుంచి నాలుగు పక్కలకూ పాకించాయి. అమెరికా ప్రత్యేక దళాలకు సాప్‌మాడ్ అనే కిట్ కింద ఎం4 కార్బైన్‌కు స్కోప్, లేజర్, చేతిపట్టు, టార్చ్ అన్నీ ఇచ్చారు. అవి తగిలించడానికి హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ మీద చేయి పట్టుకునే తొడుగు) చుట్టూ నాలుగు వైపులా గాళ్లు. బరువు పెరిగింది, అంచులు చేతికి గుచ్చుకున్నాయి, గ్లవ్స్ చిరిగాయి. దాంతో రైల్ మీద తొడగడానికి రబ్బరు తొడుగులు అమ్మకానికొచ్చాయి. డబ్బిచ్చి గాళ్లు కోయించుకుని, మళ్లీ డబ్బిచ్చి వాటిని మూయించుకోవడమన్నమాట.

సామాను ఉన్నచోటే రైల్ ఉంటే చాలుగా అన్న ప్రశ్న నుంచి రెండు కొత్త పద్ధతులు పుట్టాయి. 2012లో వీఎల్‌టార్, నొవెస్కీ కంపెనీలు కీమాడ్ తెచ్చాయి. తాళంచెవి రంధ్రం ఆకారంలో చిల్లులు ఉంటాయి, డిజైన్‌ను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. 2014లో మ్యాగ్‌పుల్ కంపెనీ ఎం-లాక్ ప్రకటించింది. ఇందులో పొడుగాటి మామూలు చీలికలు, లోపల తిరిగి పట్టుకునే నట్. డిజైన్ హక్కులు కంపెనీవే కానీ లైసెన్స్‌కు డబ్బు తీసుకోరు. ఏది మేలని కొన్నేళ్లు జోరుగా వాదులాట నడిచింది.

వాదన తెగింది 2017లో. అమెరికా ప్రత్యేక దళాల కోసం ఇండియానా రాష్ట్రం క్రేన్‌లోని నేవీ కేంద్రం చేసిన పరీక్షల ఫలితాలు బయటికొచ్చాయి. లేజర్‌ను తీసి మళ్లీ పెడితే ఎం-లాక్‌లో గురి సగటున 1.3 మినిట్లు (మినిట్ అంటే కోణంలో డిగ్రీకి అరవయ్యో వంతు) తప్పింది, కీమాడ్‌లో 4.9 మినిట్లు. వంద మీటర్ల దగ్గర లెక్కేస్తే ఒకటి నాలుగు సెంటీమీటర్ల లోపు, రెండోది పద్నాలుగు. కిందపడేసే పరీక్షలోనూ, ఎంత బరువుకు ఊడుతుందన్న పరీక్షలోనూ ఎం-లాక్‌దే పైచేయి. ఆ తర్వాత కొత్త హ్యాండ్‌గార్డులు చాలావరకు ఎం-లాక్‌వే. పైన స్కోప్ కోసం మాత్రం పికటినీ కదల్లేదు. ఇప్పుడు నాటోలో నడుస్తున్న పని రైల్ గుండా కరెంటు, డేటా పంపడం గురించి. ప్రతి పరికరంలో విడివిడిగా బ్యాటరీలు మోసే బాధ తప్పించాలని స్టానాగ్ 4740 రాసుకున్నారు.

రష్యన్ల దారి వేరు. ఏకే పైమూతను తుపాకీ తుడిచిన ప్రతిసారీ ఊడదీయాలి, అది స్ప్రింగ్ ఆధారంగా నిలిచే పల్చటి రేకు. దాని మీద స్కోప్ పెడితే జీరో నిలవదు. అందుకే డ్రాగనోవ్ స్నైపర్ రైఫిల్‌కైనా, తర్వాత 1991 నుంచి వచ్చిన ఏకే-74ఎంకైనా ఎడమ పక్కన గట్టి బాడీకి పట్టా బిగించి, దాని మీంచి కొక్కెంలాంటి మౌంట్‌తో స్కోప్‌ను పైకి తెచ్చారు. పనిచేసే పద్ధతే, కానీ ప్రపంచమంతా చేస్తున్న సామాను దానికి తగలదు. పైమూతను కదలకుండా కూర్చోబెట్టి దాని మీదే పికటినీ పెట్టడం ఏకే-12, ఏకే-200 వరసతోనే కుదిరింది. మనం 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా రైఫిళ్లకు ఒప్పందం చేసుకున్న ఏకే-203 ఆ వరసలోదే.

మన దగ్గర ఈ కథకు తెలుగునేల లంకె మచిలీపట్నం. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యం వాడే రాత్రిపూట చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. భారత్ ఎలక్ట్రానిక్స్ నైట్ సైట్లలో ఇన్సాస్‌కు ఒకటి, మెషిన్‌గన్‌కు ఒకటి, రాకెట్ లాంచర్‌కు ఒకటి అని తుపాకీ పేరుతో వేరువేరు రకాలు ఉండటానికి ఒక కారణం మౌంటే. ఎవరి కొక్కెం వారిది. తుపాకీ మారితే సైట్ పక్కన పడాల్సిందే. ఇన్సాస్ రూపుదిద్దుకునే రోజుల్లో ప్రపంచంలో ఎక్కడా స్థిరమైన కొలత లేదు కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. 1995 తర్వాత కూడా అలాగే కొనసాగించడాన్ని మాత్రం సమర్థించలేం.

ఇప్పుడు మిగిలిన చిక్కు పాత తుపాకులది. సైన్యంలో, కేంద్ర బలగాల్లో, రాష్ట్రాల పోలీసుల దగ్గర పాత ఏకేలు, ఇన్సాస్‌లు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటికి రైల్ ఉన్న హ్యాండ్‌గార్డులు, పైమూతలు అమర్చే కిట్లు దొరుకుతున్నాయి. టార్చ్‌కు, ముందు చేతిపట్టుకు అవి బాగానే సరిపోతాయి. దగ్గరి దూరాలకు రెడ్ డాట్ కూడా ఫర్వాలేదు. మూడొందల మీటర్ల గురికి స్కోప్ పెట్టాలంటే మాత్రం, రైల్ ఎంత కొత్తదైనా అది కూర్చున్న పాత రేకుమూత కదులుతుందా లేదా అన్నదే తేలాలి. కిట్ కొనే ముందు పదిసార్లు మూత తీసి పెట్టి, ప్రతిసారీ టార్గెట్ మీద కాల్చి చూస్తే ఆ సంగతి ఒక్క పూటలో తేలిపోతుంది.